గోడ వరస

ఆ చలికాలం మా ఇంట్లో గొడవ మొదలైంది నాన్న చేతుల దగ్గర. స్కూలు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చూపించాడు.

"చూడండి. రేపటి నుంచి నేను క్లాసులో ఇలా తిరగాలట. దొంగని స్టేషనుకి తీసుకెళ్తున్నట్టు లేదూ?"

"ఏం దొంగిలించారేమిటి?" అంది అమ్మ, కూరగాయలు తరగడం ఆపకుండానే.

"పెన్సిళ్ళు! పిల్లవాడు లెక్క దగ్గర తడబడితే చాలు, నేను పెన్సిలు లాక్కుని చేసిపెట్టేస్తున్నానట. అలా చేస్తే 'నీ వల్ల కాదురా' అని వాడి చెవిలో చెప్పినట్టేనట. అందుకని బెంచీల మధ్య తిరిగేటప్పుడు మాస్టార్లందరూ చేతులు వెనక్కి పెట్టుకోవాలి. కొత్త హెడ్ మేడం ఆర్డరు."

పాత హెడ్ మాస్టారికి ఒంట్లో బాగుండక సెలవు మీద వెళ్ళిపోతే, ఆయన స్థానంలో వచ్చింది ఆవిడ. వయసులో నాన్న కంటే చాలా చిన్నది. నాన్నకి సర్వీసులో అదే ఆఖరి ఏడాది. ఇంక హాయిగా దండలు వేయించుకుని దిగిపోవడమే అనుకుంటున్న మనిషి నెత్తిన ఈవిడ వచ్చి పడింది.

నాన్న ఎలాంటి మాస్టారో చెప్పాలి. లెక్కల్లో ఆయన పేరు చుట్టుపక్కల స్కూళ్ళన్నిటికీ తెలుసు. ఏడాది మొదటిరోజు బోర్డు మీద ఒక్క లెక్క వేసి, పిల్లల మధ్య ఒకసారి తిరిగి వచ్చేవాడు. గంట కొట్టేలోపు క్లాసు మూడు వరసలుగా కూర్చునేది. కిటికీ వరస, నడిమి వరస, గోడ వరస. కిటికీ వరసకి కష్టమైన లెక్కలు, నడిమి వాళ్ళకి పుస్తకంలోవి, గోడ వరసకి తేలికవి. ఏడాది చివర చూస్తే కిటికీ వాళ్ళకే మంచి మార్కులు వచ్చేవి. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది. నేను వాసన పట్టడమే" అనేవాడు. అందరూ ఆయన్ని తక్కెడ మాస్టారు అనేవాళ్ళు, ఆ పేరంటే ఆయనకి మహా ఇష్టం.

గోడ వరస పిల్లల్ని ఆయన ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు, ఒక్క మాట అని ఎరగడు. చాక్‌పీసులు తేవడం, మొక్కలకి నీళ్ళు పొయ్యడం లాంటి పనులు చెప్పి ముందే బయటికి పంపేసేవాడు. రానిదాని కోసం వాళ్ళని రాచిరంపాన పెట్టడం దేనికి అనేది ఆయన దయ. అది దయేనని మేమందరం నమ్మాం.

కొత్త మేడం మొదటి వారంలోనే వరసలు తీసేసింది. డబ్బాలో చీటీలు వేసి, ఎవరి పక్కన ఎవరు వస్తే వాళ్ళు కూర్చోవాలంది. అందరికీ ఒకటే లెక్క. తప్పు చేసినవాడు సిగ్గుపడకుండా బోర్డు దగ్గరకొచ్చి ఆ తప్పు ఎలా వచ్చిందో చెప్పాలి. 'మొద్దు' అన్న మాట స్కూల్లో వినపడకూడదు, 'తెలివైనవాడు' అన్నదీ వినపడకూడదు.

"మొద్దు అనొద్దంటే అర్థముంది. తెలివైనవాణ్ణి తెలివైనవాడు అనకూడదేమిటే?" అని నాన్న కంచం ముందు కూర్చుని నా వైపు తిరిగాడు.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న అక్క గుమ్మంలోంచి అంది. "మరి మన చెల్లిని ఇంక ఏమని పిలవాలి నాన్నా? దానికి వేరే పేరు లేదుగా!"

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

అక్క పెద్దాసుపత్రిలో ఆయా. పక్కలు మార్చడం, రోగుల్ని స్ట్రెచర్ మీద తోసుకెళ్ళడం, గిన్నెలు కడగడం ఆమె పని. పెళ్ళయి, ఆ సంసారం నిలవక, మా ఇంటికే తిరిగొచ్చేసింది. నేను ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో కుర్చీలో కూర్చుని పనిచేసేదాన్ని. మా ఇద్దరి మధ్య ఆ తేడా మా ఇంట్లో ఎవరికీ వింతగా ఉండేది కాదు. నాకు లెక్కలొస్తాయి, అక్కకి రావు. ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది అన్నట్టే.

*

ఒక ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే అక్క నా పక్కకొచ్చింది. తడి దుప్పటి ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, పిండుతూ పిండుతూ ఆగింది.

"ఏమే, ఒక మాట చెప్తాను. నవ్వకూడదు."

"చెప్పు."

"ఆసుపత్రిలో ఈసారి ఆయాల్ని కూడా నర్సు ట్రైనింగుకి తీసుకుంటారట. ప్రవేశ పరీక్ష పెడతారు. చలికాలం పోయేలోపే."

"రాయి మరి."

"లెక్కల పేపరుంది." దుప్పటిలోంచి నీళ్ళు ఆమె కాళ్ళ మీద కారుతున్నాయి. "స్ట్రెచరు తోసుకుంటూ ఆపరేషన్ గది తలుపు దాకా వెళ్తాను. అక్కడ వాళ్ళు అందుకుంటారు, నేను వెనక్కి తిరుగుతాను. ఎన్నేళ్ళని తలుపు దాకా వెళ్ళనే? ఒక్కసారి లోపలికి వెళ్ళాలనుంది."

"నాన్నకి చెప్పావా?"

"చెప్పను. ఆయన నా మీద జాలిపడతాడు. నువ్వు నేర్పు."

సరేనన్నాను. సరేనంటుండగానే లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. అక్కకి కూడా లెక్కలొచ్చేస్తే, మరి నేనేమిటి? ఆ ఆలోచన వచ్చినందుకు నాకే సిగ్గేసింది. సిగ్గేసినా అది పోలేదు.

మర్నాడు అక్క పుస్తకం పట్టుకుని వస్తే, ఈ వారం ఆఫీసులో ఊపిరాడని పని ఉందన్నాను. పని నిజంగానే ఉంది. లేకపోయినా ఆ మాటే చెప్పేదాన్నని ఇప్పుడు ఒప్పుకోకపోతే అబద్ధమవుతుంది. "పర్లేదే, వచ్చే వారం" అంది అక్క. వచ్చే వారమూ అలాగే గడిచింది. తను ఒక్కతే వంటింట్లో కూర్చుని, రాసిందే రాసి చెరుపుకుంటుంటే, ఆ గుమ్మం ముందు నుంచి నేను చప్పుడు కాకుండా నడిచేదాన్ని.

*

స్కూల్లో నాన్న మేడం చెప్పినవన్నీ చేశాడు. ఇష్టపడి కాదు, చేసి చూపించి అవి పనికిరావని నిరూపించాలని. "ఉండు, పరీక్షలు రానీ. కాకిని ఎంత కడిగినా హంసవుతుందా?" అనేవాడు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కుర్చీలో కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

"మూగపిట్ట మాట్లాడింది" అన్నాడు నాన్న.

మూగపిట్ట అనేది గోడ వరసలో కూర్చునే ఒక అమ్మాయికి ఆయన పెట్టిన పేరు. ఆ పిల్ల రెండేళ్ళుగా ఆయన క్లాసులో ఒక్కసారి కూడా నోరు విప్పలేదట. ఆ రోజు చేసిన లెక్క తప్పయితే బోర్డు దగ్గరికి పిలిచాడు. ఏడుస్తుంది, కూర్చోబెట్టేద్దాం అనుకున్నాడు. ఆ పిల్ల చాక్‌పీసు పట్టుకుని, ఇక్కడ ఇలా అనుకున్నాను సార్, అందుకని ఇలా రాశాను సార్ అని చెప్పుకుంటూ పోయి, మూడో లైను దగ్గర ఆగి, "అయ్యో, ఇక్కడ సార్!" అని తనే దిద్దుకుందట.

"మంచిదేగా. దానికి మొహం అలా పెట్టారేం?" అంది అమ్మ.

"మంచిదే."

తర్వాత రోజుల్లో అలాంటివి ఇంకా జరిగాయి. గోడ వరస పిల్లలు నడిమి లెక్కలు చేశారు, కొంతమంది కిటికీ లెక్కలూ చేశారు. కిటికీ వరస పిల్లలకి మొదటిసారి తప్పులొస్తే, వాళ్ళు బోర్డు దగ్గర నిలబడి బిక్కమొహాలు వేశారు. స్కూల్లో అందరూ నాన్నని అభినందించారు. ఈ వయసులో మారడమంటే మాటలా మాస్టారూ అన్నారు. క్లాసు ఎంత బాగుపడితే నాన్న అంత కుంగిపోయాడు. మాకెవరికీ అది మొదట అర్థం కాలేదు.

కళ్ళజోళ్ళ షాపులో అర్థమైంది నాకు. ఆయన అద్దాలు మార్పించడానికి నేనే తీసుకెళ్ళాను. ఫ్రేములు బిగించే అతను నాన్నని చూడగానే లేచి నిలబడ్డాడు. మనిషి బొద్దుగా, నవ్వు మొహంతో ఉన్నాడు.

"సార్! నన్ను గుర్తుపట్టారా?"

నాన్న అతన్ని పరకాయించి చూశాడు. పేరు అడగలేదు, ఏ ఏడాది అని అడగలేదు.

"నువ్వు ఏ వరసలో కూర్చునేవాడివి?"

"ఇంకెక్కడ సార్, గోడ వరస!" అతను పకపకా నవ్వాడు. "మీ అంత మంచి మాస్టారు మళ్ళీ దొరకలేదు సార్. ఒక్కసారి కూడా తిట్టలేదు మమ్మల్ని. 'నీకు రావులేరా, నువ్వెళ్ళి మొక్కలకి నీళ్ళు పొయ్యి' అనేవారు. ఎంత హాయిగా ఉండేదో! మా అమ్మాయికీ నా బుర్రే వచ్చింది సార్. చిన్నప్పుడే చెప్పేశాను, లెక్కల జోలికి పోకమ్మా, మనకవి రావు అని. మీరు నాకు చెప్పినట్టే."

అని, అతను అద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచి, ఎంతో ప్రేమగా నాన్న ముక్కు మీద పెట్టి, చెవుల వెనక సరిచేశాడు. మాస్టారికి ఊరికే బిగించిపెడతానన్నాడు. నాన్న అద్దంలోకి చూడలేదు. ఎలా ఉన్నాయి సార్ అంటే, బాగా కనిపిస్తోంది నాయనా అన్నాడు.

దారిలో ఫుట్‌పాత్ మీద ఆగిపోయి నన్ను అడిగాడు. "ముప్పై ఏళ్ళకి పైనే. ఏడాదికో గోడ వరస. వాళ్ళ పిల్లల్ని కూడా కలుపుకుంటే ఎంతమందంటావు?"

లెక్క కట్టమని ఆయన నన్ను అడగడం మామూలే. ఆ రోజు మాత్రం నేను లెక్క కట్టలేదు.

*

ఇంటికొచ్చాక అమ్మ ఎదుట కూర్చుని అన్నాడు. "పెద్దదాని పుస్తకం మూసింది నేనే కదే."

ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఇన్నాళ్ళూ అది ఒక ముచ్చటలా చెప్పుకునేవాళ్ళం. అక్క ఆరో క్లాసులో ఉండగా భిన్నాల లెక్కలు రాక వెక్కి వెక్కి ఏడ్చిందట. నాన్న పుస్తకం మూసేసి, తల నిమిరి, "పోనీలే తల్లీ, లెక్కలు అందరికీ రావు" అన్నాడట. అక్క ఠక్కున ఏడుపు మానేసి ఆడుకోవడానికి పరిగెత్తిందట. నాన్న ఎంత మెత్తని మనిషో చెప్పడానికి అమ్మ వచ్చినవాళ్ళందరికీ ఈ కథే చెప్పేది.

"అది ఏడుస్తుంటే చూడలేక మూశారు" అంది అమ్మ.

"అవును, చూడలేకే. అంటే దాని కోసం మూయలేదు. నా కోసం మూశాను. ఇంకో అరగంట ఏడవనిచ్చి పక్కన కూర్చుంటే పోయేది."

అమ్మకి మనసు కరిగిపోయింది. కరిగితే అమ్మ నోట్లో నువ్వు గింజ నానదు. "ఇప్పుడు మాత్రం ఏం పోయింది? అది పరీక్షకి చదువుతోందిగా, వెళ్ళి నేర్పండి!" అనేసింది.

నాన్న నా వైపు చూశాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"నేర్పుతున్నావా?"

నేను కళ్ళజోడు డబ్బా మూత తీసి మళ్ళీ మూశాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మాస్టారు కదా, హోంవర్కు చెయ్యని మొహం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.

*

అక్క ఒప్పుకోవడానికి చాలా సేపు పట్టింది. చివరికి, "సరే నాన్నా, ఒక్క లెక్క చూద్దాం" అంది. భోజనాల బల్ల తుడిచి ఇద్దరూ కూర్చున్నారు. నాన్న కుర్చీలో కూర్చుని కూడా రెండు చేతులూ వీపు వెనక పెట్టుకున్నాడు.

"తాళ్ళు తెమ్మంటారా, కట్టడానికి?" అంది అమ్మ. నాన్నకి నవ్వు రాలేదు.

లెక్క ఇది. ఆరు వందల మిల్లీలీటర్ల సెలైను అయిదు గంటల్లో ఎక్కాలి. మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి?

అక్క పెదవి కొరుక్కుంటూ రాసింది. ఆరు వందల్ని అయిదుతో భాగించింది, నూట ఇరవై. దాన్ని ఇరవైతో హెచ్చించింది. రెండు వేల నాలుగు వందలు. గంటల్ని నిమిషాలు చెయ్యడం మర్చిపోయింది. అంతే తప్పు, ఇంకేమీ లేదు.

"నిమిషానికి రెండు వేల నాలుగొందల చుక్కలా!" అక్క తనే నవ్వింది. "ఇది సెలైను కాదు, కుళాయి. ఎక్కడో తప్పింది."

"ఎక్కడ తప్పిందంటావు?" అన్నాడు నాన్న, మేడం నేర్పినట్టే.

అక్క మళ్ళీ మొదటి నుంచి చూసింది. మళ్ళీ అదే వచ్చింది. ఇంకోసారి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు పోయింది. పెన్సిలు చివర నలిగిపోతోంది. నాన్న చేతులు వెనకే ఉన్నాయి, కదల్లేదు. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పోనీలే తల్లీ" అన్నాడు నాన్న.

ఆ రెండు మాటలే అన్నాడు. అక్క చెయ్యి దానంతటదే వెళ్ళి పుస్తకం మూసేసింది.

మూసేశాక ఇద్దరూ ఆ అట్ట వైపు చూశారు. అక్క లేచి, డ్యూటీకి టైమవుతోందంది. ఇంకా చాలా టైముంది. చీర మార్చుకుని, టిఫిను డబ్బా కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

*

ఆ తర్వాత అక్క ఇంట్లో చదవలేదు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే గదిలో, పరీక్ష రాస్తున్న మరో ఇద్దరు ఆయాలతో కలిసి చదువుకుంటున్నానంది. అక్కడ వేడిగా ఉంటుందట, మిషన్ల రొదలో తప్పు చెప్పినా ఎవరికీ వినపడదట. ఆ మాట నవ్వుతూ చెప్పింది. నేను నేర్పుతానని అప్పుడు అన్నాను, నిజంగానే అన్నాను. "వద్దులేవే, నీకు పనుంటుందిగా" అంది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

నాన్న సంగతి చూడలేకపోయాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, దారిలో కనిపించిన ప్రతి పాత విద్యార్థినీ ఆపి, నువ్వే వరస అని అడగడం మొదలుపెట్టాడు. గోడ వరస అని చెప్తే, నన్ను క్షమించు నాయనా అనేవాడు. వాళ్ళు కంగారుపడిపోయేవాళ్ళు. మాస్టారికి ఒంట్లో బాగుండటం లేదా అని అమ్మ దగ్గరికొచ్చి అడిగేవాళ్ళు. వీడ్కోలు సభ వద్దని ఒకటే పట్టు పట్టాడు.

ఒకరోజు హెడ్ మేడం దగ్గరికే వెళ్ళి కూర్చున్నాడట. ఆ వివరం ఆయనే చెప్పాడు.

"మేడం, మీరు చెప్పిందంతా నిజమైతే, ఇంతకు ముందు వాళ్ళ సంగతేమిటి?" అని అడిగాడట.

ఆవిడ, "నేనూ వరసలు వేసినదాన్నే మాస్టారూ. ముందువాళ్ళకి నా దగ్గర జవాబు లేదు. రేపటి క్లాసుకైతే ఉంది" అందట.

"నాకు రేపటి క్లాసులు ఎన్నో లేవు మేడం" అని వచ్చేశాడు.

రోజూ అక్క డ్యూటీ దిగే వేళకి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడేవాడు. ఇద్దరూ కలిసి నడిచి వచ్చేవారు. దారంతా నాన్న అదే చెప్పేవాడట. నావల్లే తల్లీ, నేనే నిన్ను ఇలా చేశాను అని. అక్క ఊ కొట్టేది. ఇంటికొచ్చేసరికి ఆమె మొహం పన్నెండు గంటలు స్ట్రెచర్లు తోసినదాని కంటే అలిసిపోయి ఉండేది. నాన్న మొహం కొంచెం తేలికపడినట్టుండేది. అది గమనించినా నేను నోరెత్తలేదు. నాన్న పశ్చాత్తాపపడుతుంటే నా వంతు కూడా ఆయనే పడుతున్నట్టు నాకు హాయిగా ఉంది. ఇంతకంటే సిగ్గుమాలిన హాయి ఉండదు.

*

చలి తగ్గుతుండగా ఫలితాలొచ్చాయి. అక్క మిగతా పేపర్లన్నీ గట్టెక్కింది. లెక్కల్లో తప్పింది. కొద్దిలో తప్పింది, కానీ తప్పింది.

చెప్పులు గుమ్మం పక్కన విడిచి, "పోయిందమ్మా" అని మామూలుగా చెప్పింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ కూర్చుని, మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"తప్పు నాదమ్మా. నువ్వు తప్పలేదు, నేను తప్పాను. నీ బతుకు నేను పాడుచేశాను. ఆ రోజు ఆ పుస్తకం మూయకపోతే ఈ పాటికి నువ్వు..."

"నాన్నా."

"నేనే నిన్ను ఇలా చేశాను..."

"నాన్నా, ఆగు." అక్క గొంతు పెంచలేదు. "ఎలా చేశావు? ఎలా ఉన్నాను నేను?"

నాన్న తలెత్తాడు.

"ఆరో క్లాసులో నువ్వే తేల్చావు, దీనికి రాదు అని. ఇప్పుడూ నువ్వే తేలుస్తున్నావు, దీని బతుకు పాడైపోయింది అని. అప్పుడు నన్ను అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు." అక్క చేతి సంచి బల్ల మీద పెట్టింది. "రోజూ గేటు దగ్గర నిలబడి పాడైపోయావు, పాడైపోయావు అని చెప్తుంటే, వినీ వినీ నిజమేనేమో అనిపిస్తోంది నాన్నా. నేను రాసిన పరీక్ష ఇది. కూర్చున్నది నేను, తప్పింది నేను. ఇది కూడా నీదేనంటే ఎలా? దీన్నైనా నాకు వదిలెయ్యి."

ఆ మాటలు నాకు కూడా తగులుతున్నాయి. నేను ఆమె కోసం బాధపడిన ప్రతిసారీ, ఆమె ఇంతే అని తేల్చేశాకే బాధపడ్డాను.

"వానాకాలంలో మళ్ళీ పెడతారట. రాస్తాను" అంది అక్క.

"నేను నేర్పనా?" నాన్న గొంతు వినపడీ వినపడనట్టుంది.

"వద్దు నాన్నా." చాలా మెత్తగా అంది. కుర్చీ లాక్కుని, "కూర్చో కావాలంటే. నేను చేస్తుంటే చూడు. నువ్వు కూడా రావే" అంది నన్ను.

కూర్చున్నాం. పరీక్షలో ఇచ్చిన లెక్కని అక్క గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద రాసుకుంది. ముప్పాతిక లీటరు మందు ఉంది. ఒక్కొక్కరికి లీటరులో ఎనిమిదో వంతు ఇవ్వాలి. ఎంతమందికి సరిపోతుంది? భిన్నాల లెక్క.

భాగించాల్సిన చోట అక్క హెచ్చించింది. నాకు కనిపించింది. నాన్నకి నాకంటే ముందే కనిపించి ఉంటుంది. ఆయన మొహం చూడాలంటే భయమేసింది, ఆయన కూడా నా వైపు తిరగలేదు. జవాబు ఇద్దరి నాలుకల మీదా ఉంది. జాలి కూడా ఉంది, అలవాటైన జాలి. ఆ రెంటినీ మింగుకుంటూ కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

ముప్పై రెండింట మూడు వంతులు అని రాసి, అక్క పెన్సిలు దించింది. తను రాసినదాన్నే కాసేపు చూసింది.

"ఇంత మందు ఒక్క మనిషికి కూడా సరిపోదా?" అంది, తనలో తను.

మేమిద్దరం ఏమీ అనలేదు. అక్క ఆ జవాబు కొట్టేసి, కింద మళ్ళీ మొదలుపెట్టింది.